మాన్యువల్ గేర్ల కారు ఇప్పుడు నేర్చుకోవడం అవసరమా? (చర్చ)

మూడోపెడల్:
ఆటోమేటిక్‌లు ఇన్ని వచ్చాయి, కరెంటు కార్లలో అయితే మార్చాల్సిన గేర్లే లేవు. ఇంకా క్లచ్‌తో కుస్తీ ఎందుకని చాలామంది అడుగుతున్నారు. నేర్చుకోవాలనే నా వాదన. మొదటి కారణం లైసెన్సు. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌లో పరీక్ష పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి, మాన్యువల్ కావాలంటే మళ్లీ పరీక్ష ఇవ్వాలి. యూరప్ దేశాల్లో లైసెన్సు మీద 78 కోడ్ పడిందంటే అర్థం అదే. రెండోది, అవసరం పడ్డ రోజు చేతికి ఏ బండి దొరుకుతుందో ఎవరికీ తెలియదు. అర్ధరాత్రి ఒకరిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంటి ముందున్నది మాన్యువల్. అప్పుడు తాళం చేతిలో ఉండీ లాభం లేదు. మూడోది, మాన్యువల్ వచ్చినవాళ్లకు ఆటోమేటిక్ గంటలో అలవాటవుతుంది. అటు నుంచి ఇటు రావాలంటే వారాలు పడుతుంది.

ముందు_రోడ్డు:
మూడోపెడల్ గారూ, ఆ మూడో మాట ఒప్పుకోను. "గంటలో అలవాటు" అనుకునేవాళ్లే ఆటోమేటిక్‌లో ప్రమాదం తెచ్చుకునేది. ఆగబోయే ముందు ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెళ్తుంది. అక్కడ క్లచ్ ఉండదు, వెడల్పాటి బ్రేక్ పెడల్ ఉంటుంది. క్లచ్ తొక్కినంత బలంగా దాన్ని తొక్కేస్తే బండి నిలువునా ఆగుతుంది, వెనక వచ్చేవాడు గుద్దేస్తాడు. ఎడమ కాలిని పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టి అక్కడే ఉంచాలని ఎవరైనా చెప్పి తీరాలి.

నా అసలు అభ్యంతరం వేరు. కొత్తవాళ్లకు మొదటి పది గంటల్లో చూపంతా గేర్ రాడ్ మీదే ఉంటుంది. అద్దం చూడరు, పక్క నుంచి దూసుకొచ్చే బైకును గమనించరు. కూడలి మధ్యలో ఇంజన్ ఆగిపోతే వెనక హారన్లు, మనిషికి చెమటలు. ముందు రోడ్డు చదవడం రావాలి, క్లచ్ తర్వాత. జర్మనీ 2021లో దారి చూపించింది. మాన్యువల్ కారులో కనీసం పది పాఠాలు, ఒక్కోటి 45 నిమిషాలు, తీసుకుని డ్రైవింగ్ స్కూల్లోనే 15 నిమిషాల పరీక్ష నెగ్గితే చాలు. అసలు పరీక్ష ఆటోమేటిక్‌లో ఇచ్చినా రెండూ నడపొచ్చు.

మూడోపెడల్:
చూపు గేర్ రాడ్ మీద ఉంటోందంటే తప్పు మాన్యువల్ బండిది కాదండీ, మొదటి రోజే ట్రాఫిక్‌లో దింపిన పద్ధతిది. సరిగ్గా నేర్పితే క్లచ్‌కు రెండు మూడు గంటలు చాలు.

ముందు సీటు. క్లచ్ అడుగుదాకా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. కాలు బిగుసుకుందంటే సీటు దూరంగా ఉన్నట్టు. మందపాటి అడుగున్న బూట్లు వద్దు, పెడల్ తెలియదు. చదునైన ఖాళీ మైదానంలో ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, మడమ నేలకు ఆనించి క్లచ్‌ను పిసరు పిసరు వదలాలి. ఒక చోట ఇంజన్ చప్పుడు బరువెక్కుతుంది, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు కొద్దిగా దిగుతుంది, బానెట్ పిసరంత లేస్తుంది. క్లచ్ పట్టుకునే చోటు అదే. అక్కడ పాదాన్ని కదపకుండా రెండు సెకన్లు ఉంచితే బండి తనంతట తానే కదులుతుంది. ఇలా పాతిక ముప్ఫై సార్లు. ఆ చోటు పాదానికి తెలిసిందాకా యాక్సిలరేటర్ జోలికి పోకూడదు.

ఇంజన్ ఎందుకు ఆగిపోతుందో చెబితే భయం సగం పోతుంది. ఇంజన్‌తో తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరుగుతోంది, చక్రాలు నిలబడి ఉన్నాయి. మధ్యలో క్లచ్ ప్లేటు కాసేపు జారుతూ రెండింటి వేగాన్నీ కలపాలి. పాదాన్ని ఒక్కసారిగా తీసేస్తే జారే వ్యవధి ఉండదు, బండి బరువంతా ఇంజన్ మీద పడి గొంతు పట్టేస్తుంది.

గ్యారేజీ_బల్ల:
ఇద్దరూ నేర్చుకునే రోజుల గురించే మాట్లాడుతున్నారు. బండికి నష్టం చేసేది ఆ తర్వాత పట్టుకునే అలవాట్లు.

క్లచ్ మీద పాదం ఆనించి నడపడం అన్నిటికంటే చెడ్డది. కొద్దిపాటి ఒత్తిడికే, క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మీద భారం పడుతూనే ఉంటుంది, ప్లేటు పూర్తిగా పట్టదు. ఎత్తులో సిగ్నల్ పడితే హ్యాండ్‌బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తో (క్లచ్ సగమే వదిలి) బండిని నిలబెట్టడం దాని తర్వాతిది. కాలిన వాసన వచ్చిందంటే ప్లేటు లైనింగ్ మాడుతున్నట్టే. యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం లేచి, వేగం మాత్రం పెరగకపోతే ప్లేటు అయిపోయిందని లెక్క.

రివర్స్ గేరుకు చాలా బండ్లలో సింక్రోమెష్ (గేర్ల వేగాలు కలిపే ఏర్పాటు) ఉండదు. బండి పూర్తిగా ఆగకముందే వేస్తే పళ్లు కరకరలాడతాయి. గేర్ రాడ్ మీద చెయ్యి వేసి ఉంచితే లోపల గేరును జరిపే సెలెక్టర్ ఫోర్కు, తిరిగే స్లీవ్‌కు (గేరును పట్టే రింగుకు) ఒరుసుకుంటుంది. పల్లంలో న్యూట్రల్ వేస్తే ఆయిల్ మిగులుతుందనేది కార్బ్యురేటర్ల నాటి మాట. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్ గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం కట్ అవుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడిలింగ్‌కు తాగుతూనే ఉంటుంది.

ఇంకొకటి. ఐదు నుంచి నాలుగుకు దిగేటప్పుడు రాడ్‌ను ఎడమకు గుంజితే అది రెండులో పడుతుంది. హైవే వేగంలో క్లచ్ వదిలారంటే చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ (ఇంజన్ చుట్లు హద్దు దాటకుండా చూసేది) ఇంధనం ఆపగలదే తప్ప చక్రాలను ఆపలేదు. వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలితే ఇంజన్ పోయినట్టే. నాలుగుకు దిగేటప్పుడు రాడ్‌ను పిడికిట్లో బిగించొద్దు, అరచేత్తో నిటారుగా వెనక్కి లాగితే స్ప్రింగే మధ్య గాడిలోకి తెస్తుంది.

కొత్త_చెయ్యి:
అన్నీ బాగున్నాయండీ, కానీ ఎత్తులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు వెనక్కి జారుతుందన్న భయం పోవట్లేదు. ఆ ఒక్కదాని కోసమే ఆటోమేటిక్ తీసుకుంటే తప్పా?

మూడోపెడల్:
తప్పేం లేదు. కానీ ఆ భయానికి మందు హ్యాండ్‌బ్రేక్. పూర్తిగా లాగి ఉంచండి. ఫస్ట్ గేరు, యాక్సిలరేటర్ 1500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా. క్లచ్‌ను పట్టుకునే చోటుదాకా వదిలితే ముందుభాగం లేచి, బండి హ్యాండ్‌బ్రేక్ మీద గుంజుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు బటన్ నొక్కి హ్యాండ్‌బ్రేక్ దించండి. అంగుళం కూడా జారదు. బండి కదిలిందాకా క్లచ్ పాదం అక్కడే ఉండాలి. చాలామంది హ్యాండ్‌బ్రేక్ దించుతూనే క్లచ్ కూడా వదిలేస్తారు, ఇంజన్ ఆగేది అక్కడే. ఎత్తులో జారకుండా తానే బ్రేక్ పట్టే హిల్ హోల్డ్ ఉన్నా అది పట్టి ఉంచేది రెండు మూడు సెకన్లే, దాని మీదే భారం వేయకండి.

గ్యారేజీ_బల్ల:
ఆటోమేటిక్ అనగానే ఒకటే రకం అనుకోవద్దండీ. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, అదే క్లచ్ ప్లేటు. పాదం, చెయ్యి చేసే పని యాక్చుయేటర్లు చేస్తాయి, అంతే. ఎత్తులో బ్రేక్ వదిలి యాక్సిలరేటర్‌తోనే దాన్ని నిలబెడితే ఆ ప్లేటూ మాడుతుంది. నూనెలో మునగని రెండు క్లచ్‌లుండే డ్రై క్లచ్ డీసీటీకీ ఇదే జబ్బు, నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కి వార్నింగ్ ఇస్తుంది. ఎత్తు భయంతో కొనేవాళ్లకు టార్క్ కన్వర్టర్ ఉన్నది నయం, అందులో శక్తిని అందించేది నూనె, అరిగే ప్లేటు కాదు.

ముందు_రోడ్డు:
ఏఎంటీ సంగతి నిజమే. క్లచ్ ఏం చేస్తుందో తెలిసినవాళ్లు దాన్ని పాడుచేయరు, అంతవరకు మూడోపెడల్ గారి వాదన ఒప్పుకుంటాను. ఘాట్ రోడ్డు దిగడం కూడా మాన్యువల్ వాళ్లకే ముందు అర్థమవుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, లేకపోతే బ్రేకులు కాగి, బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి పెడల్ మెత్తబడిపోతుంది. ఆటోమేటిక్‌లోనూ తక్కువ గేరులో ఉంచడానికి ఎల్, ఎస్ లేదా మాన్యువల్ మోడ్ ఉంటుంది. మామూలు డీ (డ్రైవ్)లోనే వదిలేసి బ్రేక్ మీదే దిగేవాళ్లు ఎందరో.

వరస విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. పాతిక గంటలు ఆటోమేటిక్‌లో రోడ్డు, ఆ తర్వాత మైదానంలో పది గంటలు క్లచ్. కొత్త_చెయ్యి గారూ, మీరు తీసుకునేది ఆటోమేటిక్ అయినా ఆ పది గంటలు మానకండి. పరీక్ష ఇచ్చే ముందు మీ దగ్గర లైసెన్సు మీద ఏ షరతు పడుతుందో అడిగి తెలుసుకోండి. షరతు పడేటట్టయితే వరస తిప్పేయండి, పరీక్ష మాన్యువల్‌లోనే ఇవ్వండి.