చేత్తో తీస్తే బ్యాకప్ వస్తోంది, క్రాన్‌లో పెడితే రావట్లేదు

ప్రశ్న:
మా అప్లికేషన్ డేటా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది. కొత్త వెర్షన్ ఎక్కించే ముందు దాని బ్యాకప్ కమాండ్ పీజీ డంప్‌తో చేత్తో బ్యాకప్ తీస్తాను, ఏ ఇబ్బందీ లేదు. అదే లైను, ఫైలు పేరులో ఆ రోజు తేదీ వచ్చేలా, రాత్రి 2 గంటలకు క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లను దానంతటదే నడిపే ప్రోగ్రామ్) పెడితే ఫైలే పుట్టడం లేదు. ఎక్కడ చూడాలి?

జవాబు 1:
తేదీ కోసం శాతం గుర్తు (%) వాడారు కదా? క్రాన్‌టాబ్‌లో, అంటే క్రాన్ పనులు రాసే ఫైలులో, ఆ గుర్తు కనబడితే కమాండ్ అక్కడికే తెగిపోతుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. నన్నడిగితే లైను మొత్తం ఒక స్క్రిప్టులో పడేసి, క్రాన్ నుంచి దాన్ని పిలవడమే హాయి. అక్కడ ఈ గొడవ ఉండదు.

జవాబు 2:
పాస్‌వర్డ్ సంగతీ చూసుకోండి. పగలు మీరు టైప్ చేస్తారు, రాత్రి 2కి ఎవరు చేస్తారండీ? పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ కోసం చూసే పీజీపాస్ ఫైలులో పెట్టండి. దాని పర్మిషన్ 600 (ఫైలు సొంతదారు మాత్రమే చదవగలిగేలా, రాయగలిగేలా) ఉండాలి, గ్రూపుకో ఇతరులకో తెరిచి ఉంటే పోస్ట్‌గ్రెస్ దాన్ని పట్టించుకోదు. ఇంకోటి, యూజర్లు ఎక్కించిన ఫొటోలు డిస్కు మీద ఫోల్డర్‌లో ఉంటే డంప్‌లోకి రావు. విడిగా కాపీ చేయాలి.

ప్రశ్న అడిగినవారు:
శాతం గుర్తే! స్క్రిప్టులోకి మార్చాక ఫైలు వచ్చింది. ఖాళీ డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి చూశాను, టేబుళ్లన్నీ ఉన్నాయి. టెన్షన్ తగ్గింది. పాతవి ఎన్నాళ్లు ఉంచుతారు?

జవాబు 2:
రోజువారీవి 7, నెలకొకటి చొప్పున 12. అన్నీ ఆర్‌సింక్‌తో (ఫైళ్లు కాపీ చేసే టూల్) వేరే మెషీన్‌కు పంపేస్తాను.