నాలుగు వారాల జర్మన్ ఇంటెన్సివ్ కోర్సు: విద్యార్థి నుంచి నిజంగా ఏమి ఆశిస్తారు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ మొదటి సంవత్సరం పూర్తి చేశాను. చదువంతా ఇంగ్లీషులోనే సాగుతుంది కాబట్టి, విజయవాడలో ఉండగా నేర్చుకున్న ఏ1 స్థాయి (ఏ1, ఏ2, బీ1 అంటూ సాగే భాషా మెట్లలో మొదటిది) జర్మన్‌తోనే ఏడాది గడిచిపోయింది. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టిన చోటల్లా కనీసం బీ1 ఉందా అని అడుగుతున్నారు. అందుకని సెప్టెంబరు సెలవుల్లో మా విశ్వవిద్యాలయ భాషా కేంద్రం నడిపే ఏ2 ఇంటెన్సివ్ కోర్సులో పేరు నమోదు చేసుకున్నాను.

కోర్సు నాలుగు వారాలు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ప్రతి ఉదయం 45 నిమిషాల చొప్పున ఐదు పాఠాలు ఉంటాయి. మొత్తానికి 6 క్రెడిట్లు ఇస్తారు. నిన్న పంపిన నియమాల పత్రంలో 80 శాతం హాజరు ఉండాలని, ప్రతి రోజూ హోంవర్క్ ఉంటుందని, వారానికొక చిన్న పరీక్ష, చివరి వారంలో రాత పరీక్షతో పాటు మౌఖిక పరీక్ష జరుగుతాయని, తరగతి గదిలో జర్మన్ తప్ప వేరే భాష వాడరాదని రాశారు.

నాకు మూడు సందేహాలు ఉన్నాయి. మొదటిది, ఇంటి దగ్గర రోజుకు ఎన్ని గంటలు చదవాలి? రెండోది, బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు జమ చేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) నుంచి నెలకు వచ్చే 992 యూరోలతో ఇబ్బందిగా ఉన్నందువల్ల సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు ఒక గోదాములో పని ఒప్పుకున్నాను. విదేశీ విద్యార్థులు పని చేయడానికి చట్టం ఏడాదికి అనుమతించే 140 పూర్తి రోజుల్లో నాకు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి, కానీ కోర్సుతో పాటు ఈ పని చేయడం సాధ్యమేనా? మూడోది, రెండో వారంలో ఒక రోజు నా నివాస అనుమతి పునరుద్ధరణ కోసం విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ ఉంది. ఆ ఒక్క రోజు మానితే నష్టమా? వీటన్నిటికీ మించి, తప్పు మాట్లాడతానేమోనన్న బెరుకు నాలో చాలా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

నేను హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడే మాస్టర్స్ చేసి, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ మొదటి సందేహానికి సమాధానం మీ నియమాల పత్రంలోనే ఉంది. ఇక్కడ ఒక క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క కడతారు. 30 గంటల చొప్పున చూస్తే 6 క్రెడిట్లకు 180 గంటలు అవుతాయి. మీ తరగతులు 100 పాఠాలు, అంటే 75 గంటలు మాత్రమే. మిగిలిన 105 గంటలు మీరు ఇంట్లోనో గ్రంథాలయంలోనో కూర్చుని చేయవలసిన పని. శని, ఆదివారాలు కూడా కలుపుకుంటే రోజుకు దాదాపు నాలుగు గంటలు. 25 గంటల లెక్కన చూసినా, శని ఆదివారాలు వదిలేస్తే, తరగతి ఉన్న రోజుకు మూడు గంటల ముప్పావు పడుతుంది. ఆ పత్రంలో ఈ సంగతి ఒక అంకెగా మాత్రమే కనిపిస్తుంది గనుక చాలామంది దాన్ని గమనించకుండానే సంతకం పెడతారు.

ఇంకొక లెక్క కూడా చూడండి. సెమిస్టరు మధ్యలో నడిచే మామూలు భాషా తరగతికి వారానికి నాలుగు పాఠాలు ఉండటం పరిపాటి. మీకు ఒక్క రోజులోనే ఐదు పాఠాలు. అంటే ఇంటెన్సివ్ కోర్సులో ఒక రోజు మానడం, మామూలు కోర్సులో ఒక వారం కంటే ఎక్కువ మానడంతో సమానం. 80 శాతం హాజరు చాలు అన్నారు కదా అని నాలుగు రోజులు చేతిలో ఉన్నట్టు భావించకండి. అది సర్టిఫికెట్ ఇవ్వడానికి పెట్టిన హద్దు మాత్రమే, భాష రావడానికి సరిపోయే కొలత కాదు.

ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. బీ1 ఇంటెన్సివ్ చేసినప్పుడు మొదటి వారంలో ఇల్లు మారవలసి వచ్చి రెండు రోజులు మానేశాను. ఆ రెండు రోజుల్లో విశేషణాల చివర చేరే ప్రత్యయాలు చెప్పారు. స్నేహితుడి నోట్సు చూసి నేర్చుకోవచ్చనుకున్నాను. మూడో రోజు నుంచి ప్రతి అభ్యాసమూ ఆ ప్రత్యయాలు వచ్చు అన్న నమ్మకం మీదే నడిచింది. నేను వాటిని పట్టుకునే సరికి తరగతి మరో నాలుగు మెట్లు పైకి వెళ్ళిపోయింది. హాజరు సరిపోయింది కానీ రాత పరీక్ష తప్పాను. ఆరు నెలల తర్వాత అదే కోర్సు మళ్ళీ చేశాను. తప్పు పూర్తిగా నాదే.

మీ పని విషయం. చట్టం అనుమతిస్తుంది, నిజమే. అయితే తరగతి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ముగిసి, మూడున్నరకు మీరు పనికి బయలుదేరి, రాత్రి పదింటికి ఇల్లు చేరితే, పైన చెప్పిన నాలుగు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? డబ్బు అవసరం ఎంత ఒత్తిడి పెడుతుందో నాకు తెలుసు కాబట్టి పూర్తిగా మానేయమని తేలికగా చెప్పలేను. వీలైతే ఆ నాలుగు వారాలకు మాత్రం పనిని శనివారానికి పరిమితం చేయమని యజమానిని అడగండి. అక్టోబరులో సెమిస్టరు మొదలయ్యే లోపు కోర్సు తర్వాత కొన్ని రోజులు మిగిలితే, అప్పుడు ఎక్కువ గంటలు చేయవచ్చు.

రెండో జవాబు

బాబూ, నేను హైదరాబాదులో చాలా ఏళ్ళుగా జర్మన్ బోధిస్తున్నాను. లెక్కల సంగతి పై వారు చక్కగా చెప్పారు. నేను తరగతి గది లోపలి సంగతి చెబుతాను.

ఉపాధ్యాయులు ఇంటెన్సివ్ కోర్సులో అన్నిటికంటే ముందు కోరుకునేది విద్యార్థి సిద్ధపడి రావడం. కొత్త పదాలు తరగతిలో మొదటిసారి చూస్తే, వాటితో మాట్లాడవలసిన సమయమంతా వాటి అర్థం తెలుసుకోవడానికే ఖర్చవుతుంది. కాబట్టి మర్నాటి పాఠంలోని పదాలను ముందు రోజు రాత్రే చదువుకోండి. నామవాచకాన్ని ఒంటరిగా ఎప్పుడూ రాసుకోకండి. దాని ముందు లింగాన్ని తెలిపే దేర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), దాస్ (నపుంసకలింగం) లలో ఏది వస్తుందో, బహువచనం ఏమిటో కలిపి రాసుకుని, పైకి పలుకుతూ నేర్చుకోండి. ఉంగ్, హైట్, కైట్, షఫ్ట్ అని ముగిసే పదాలకు డీ వస్తుంది. షెన్ అని ముగిసే ముద్దుపేర్ల వంటి పదాలకు దాస్ వస్తుంది. అందుకే అమ్మాయి అనే అర్థం గల మేడ్‌షెన్ కూడా నపుంసకలింగమే. ఇంగ్లీషు ద్వారా ఆలోచించేవారు ఇక్కడ ఆశ్చర్యపోతారు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అని ఒకే క్రియారూపం వాడే మనకు అంత ఆశ్చర్యం అక్కరలేదు.

నా విద్యార్థులకు నేను పదే పదే చెప్పే మాట ఒకటుంది. జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా నేర్చుకోండి. ఏ2 స్థాయిలో అందరినీ ఇబ్బంది పెట్టేవి తొమ్మిది ప్రిపోజిషన్లు, అంటే నామవాచకానికి ముందు వచ్చే ఇన్, ఔఫ్ వంటి మాటలు. అవి ఉన్న చోటును చెప్పినప్పుడు ఒక విభక్తిని, వెళ్ళే దిక్కును చెప్పినప్పుడు మరో విభక్తిని కోరతాయి. ఇన్ దేర్ ష్టట్ అంటే నగరంలో, ఇన్ డీ ష్టట్ అంటే నగరంలోకి. ఔఫ్ దేమ్ టిష్ అంటే బల్ల మీద, ఔఫ్ దేన్ టిష్ అంటే బల్ల మీదికి. లో, లోకి, మీద, మీదికి అనే తేడా మన నోట చిన్ననాటి నుంచే ఉంది. వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకుని చూస్తే ఏ విభక్తి రావాలో చాలాసార్లు మీకే తెలుస్తుంది.

అలాగే చలి వేస్తున్నప్పుడు ఇంగ్లీషు వాక్యాన్ని అనుసరించి ఇష్ బిన్ కల్ట్ అంటారు మనవాళ్ళు. అది తప్పు. మియర్ ఇస్ట్ కల్ట్ అనాలి, అంటే నాకు చలిగా ఉంది. నాకు నచ్చింది అనడానికి కూడా అక్కడ నాకు అన్న రూపమే వస్తుంది. దీనిని మన వ్యాకరణంలోని విభక్తుల పేర్లతో ముడిపెట్టకండి, ఎందుకంటే కిన్, కున్ మనకు షష్ఠిలో చేరతాయి. పేరు వదిలేసి, నాకు అనే మాట చేసే పనిని మాత్రం పోల్చుకోండి. ఎందుకంటే అని అర్థం వచ్చే వైల్ తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుంది, అది మనకు అలవాటైన చోటే. మనకు కష్టమైనది మామూలు వాక్యం. అందులో క్రియ రెండో స్థానం వదలదు. ఈ రోజు అన్న మాటతో మొదలుపెడితే హోయ్‌టె గేహె ఇష్ అనాలి, హోయ్‌టె ఇష్ గేహె అనకూడదు. ఈ ఒక్క విషయానికి రోజూ పది వాక్యాలు పలకండి.

ఉచ్చారణలో హ్రస్వ దీర్ఘాల తేడా మనకు వరం. నగరం ష్టట్, రాజ్యం ష్టాట్. ఈ తేడా మనం వినగానే పట్టుకుంటాం. u అక్షరం మీద రెండు చుక్కలు పెట్టి రాసే అచ్చు (ü) మాత్రం మనకు లేదు. ఈ అని పలుకుతూ పెదవులను ఊ పలికేటప్పటిలా గుండ్రంగా చుడితే వస్తుంది. అద్దం ముందు సాధన చేయండి.

హోంవర్క్‌ను అనువాద యంత్రంతో రాయించుకుని తీసుకువెళ్ళవద్దు. ఏ2 విద్యార్థి రాయలేని వాక్యం కనబడగానే ఉపాధ్యాయులకు తెలిసిపోతుంది, అది ఎలా ఉన్నా, మీ అసలు తప్పులు ఎక్కడున్నాయో వారికి తెలియకుండా పోతుంది. ఎర్ర సిరా నిండిన మీ సొంత పేజీని మర్నాడు సరిదిద్ది మళ్ళీ రాసి చూపించండి. ఆ పని చేసే విద్యార్థిని ఏ ఉపాధ్యాయుడూ మరచిపోడు.

మూడో జవాబు

జర్మన్ తప్ప వేరే భాష వాడరాదన్న నియమం గురించి మాత్రం చెబుతాను. నేను అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదువుతూ, రెండు సెమిస్టర్ల జర్మన్‌ను ఒకే వేసవిలో చేశాను. ఈ పద్ధతికి అక్కడ పాత చరిత్ర ఉంది. వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కళాశాలలో 1915లో లిలియన్ స్ట్రోబె అనే ఆచార్యురాలు వేసవి జర్మన్ పాఠశాలను స్థాపించారు. అక్కడి వేసవి భాషా పాఠశాలల్లో చేరినవారు నేర్చుకునే భాషలోనే మాట్లాడతామని నేటికీ ప్రమాణ పత్రం మీద సంతకం చేస్తారు. తరగతిలోనే కాక, భోజనశాలలోనూ ఆటల్లోనూ కూడా అదే భాష.

మీ పత్రంలోని నియమం దానితో పోలిస్తే చాలా తేలిక. అయినా దాన్ని మొదట ఉల్లంఘించేది మనవాళ్ళే అని బాధతో చెబుతున్నాను. తరగతిలో నలుగురు తెలుగువారు ఉంటే నలుగురూ ఒకే వరుసలో కూర్చుంటారు, అర్థం కానిది ఒకరినొకరు తెలుగులో అడుగుతారు. అది ప్రేమతో చేసే సాయమే, కానీ అడగవలసిన ప్రశ్న జర్మన్‌లో అడిగే అవకాశం అక్కడితో పోతుంది. పై జవాబులో చెప్పినట్టు తెలుగును మనసులో వాడుకోండి, పక్క కుర్చీతో వద్దు. వేరే దేశం వారి పక్కన కూర్చోండి. వీ జాగ్ట్ మన్ దాస్ ఔఫ్ డోయ్చ్, అంటే దీన్ని జర్మన్‌లో ఎలా అంటారు, అన్న ఒక్క వాక్యం చాలు, ఏ మాట రాకపోయినా సంభాషణ ఆగదు.

బెరుకు గురించి మీరు రాశారు. మౌఖిక పరీక్షలో తప్పు మాట్లాడితే కొన్ని మార్కులు పోతాయి, మౌనంగా ఉంటే అన్నీ పోతాయి. నేను మొదటి పది రోజులు నోరు విప్పలేదు. తప్పులు లేని వాక్యం తయారయ్యాక మాట్లాడదామని మనసులో కూర్చుకుంటూ ఉండేవాడిని. అది తయారయ్యేసరికి ప్రశ్న ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయేది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. గోదాము పర్యవేక్షకుడితో ఈ రోజు మాట్లాడాను. నాలుగు శనివారాలు మాత్రం వస్తానని, కోర్సు ముగిశాక పూర్తి వారం చేస్తానని చెబితే ఒప్పుకున్నారు. ఖర్చు విషయంలో కొంత బిగించుకోవాలి, అంతే. లో, లోకి సంగతి చదివిన వెంటనే పాత అభ్యాసాలు తీసి చూశాను. ఏడాదిగా బట్టీ పట్టినా పట్టుబడనిది ఒక్క సాయంత్రంలో తేటపడింది. ఇక అపాయింట్‌మెంట్ సంగతి ఒక్కటే మిగిలింది. దానిని వాయిదా వేస్తే మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో తెలియదు, ఇప్పుడున్న అనుమతి అక్టోబరులో ముగుస్తుంది.

మొదటి జవాబు రాసినవారు

దానిని ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోకండి, నివాస అనుమతి ముందు, కోర్సు తర్వాత. అపాయింట్‌మెంట్ పత్రాన్ని జతచేసి, మొదటి వారంలోనే ఉపాధ్యాయులకు ఈమెయిల్ రాయండి, వీలైతే జర్మన్‌లోనే రాయండి. ఆ రోజు చేయబోయే పేజీలు ఏవో ముందే అడిగి, వాటిని వెళ్ళే ముందు రోజే చదివేయండి. అదే సాయంత్రం తరగతికి వెళ్ళిన ఒకరిని కలిసి అభ్యాసాలు పూర్తి చేసి, మర్నాడు ఉదయం హోంవర్క్‌తో సహా హాజరవ్వండి. కార్యాలయంలో పని పొద్దున్నే ముగిస్తే చివరి రెండు పాఠాలకైనా వెళ్ళండి. మధ్యలో తలుపు తీసుకుని లోపలికి వస్తున్నానని మొహమాటపడకండి, ముందే చెప్పి ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకొక చిన్న విషయం. మీ సమయ పట్టికలో గంట పక్కన సి.టి. అని ఉంటే తరగతి పావుగంట ఆలస్యంగా మొదలవుతుందని, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా ఆ సమయానికే మొదలవుతుందని అర్థం. మొదటి రోజు వెళ్ళే ముందు అది ఒకసారి చూసుకోండి.