రైతుల సహకార సంఘం: సరుకు డబ్బు ఎప్పుడివ్వాలి, మిగులు ఎలా పంచాలి?

ప్రశ్న
కూరగాయలు, ధాన్యం పండించే 40 మందిమి సహకార సంఘం పెట్టాలనుకుంటున్నాం. సరుకు ఒకచోట చేర్చి, గ్రేడింగ్ చేసి, దుకాణాలకూ హాస్టళ్ళకూ నేరుగా అమ్మాలని ఆలోచన. మూడు విషయాలు తేలడం లేదు. సరుకు దింపిన రోజే పూర్తి ధర ఇచ్చేయాలా? ఏడాది చివర మిగిలింది వాటాను బట్టి పంచాలా, తెచ్చిన సరుకును బట్టి పంచాలా? బయట ధర ఎక్కువ పలికినప్పుడు సభ్యులు అటు పోతే ఏం చేయాలి?

జవాబు 1
లాభాల్లో ఉన్న సంఘం కూడా చేతిలో నగదు లేక ఆగిపోతుంది. అందుకే ముందు ఈ లెక్క వేసుకోండి. రోజుకు 2 టన్నులు వస్తుంది, రైతుకు 7 రోజుల్లో ఇస్తారు, కొన్నవాళ్ళు 30 రోజులకు ఇస్తారు అనుకుందాం. రావలసింది 60 టన్నుల విలువ, ఇవ్వాల్సింది 14 టన్నుల విలువ. మధ్యలో 46 టన్నుల విలువైన నగదు ఎప్పుడూ సర్దుబాటు చేయాలి. వాటాధనమంతా గోదాముకూ క్రేట్లకూ పెట్టేస్తే రెండో వారానికే చెల్లింపులు ఆగుతాయి. అరువు అమ్మకం మూడో వంతు దాటకపోతే అదే లెక్క 6 టన్నులకు దిగుతుంది. హాస్టళ్ళు పెద్ద ఆర్డర్లు ఇస్తాయి, కానీ ఆలస్యంగా చెల్లించేదీ అలాంటివాళ్ళే. నగదు దుకాణాలు ముందు కుదుర్చుకోండి.

పూర్తి ధర వెంటనే వద్దు. దింపినప్పుడు 75–80 శాతం, అమ్ముడయ్యాక రవాణా, కూలీ, తరుగు తీసి మిగతాది. ముందే మొత్తం ఇచ్చేస్తే ధర పడిన వారం నష్టం సంఘం మీదే పడుతుంది. ఇచ్చింది వెనక్కి అడగడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న అడిగినవారు
75 శాతానికి చిన్న రైతులు ఒప్పుకుంటారా? వాళ్ళకు కూలీల ఖర్చు ఆ రోజే ఉంటుంది కదా.

జవాబు 1
శాతం కంటే తేదీ ముఖ్యమండీ. తక్కువ మొత్తమైనా చెప్పిన రోజున చేతికి అందితే నిలబడతారు. రెండు వారాలు తప్పితే దళారి దగ్గరికే వెళ్తారు, వాళ్ళను తప్పుపట్టలేం.

జవాబు 2
మిగులు సరుకును బట్టే పంచాలి. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది పెట్టిన దుకాణం కూడా లాభాన్ని కొనుగోళ్ళను బట్టే పంచింది. వాటాలను బట్టి పంచితే, పొలం పని మానేసి డబ్బు మాత్రమే పెట్టినవాళ్ళకు మిగతావాళ్ళ కష్టం పోతుంది. వాటాధనానికి పరిమిత వడ్డీ చాలు. నిల్వ నిధి ముందే పక్కన పెట్టండి. ఓటు మాత్రం మనిషికి ఒకటే.

ఒక జాగ్రత్త. ధాన్యానికీ ఆకుకూరకూ ఒకే ఖాతా వద్దు. పంటవారీగా ఖాతా పెట్టి, బరువును కాక విలువను లెక్కేయండి. లేకపోతే ఒక పంట కుళ్ళు నష్టాన్ని మరో పంట వాళ్ళు మోస్తారు, గొడవ అక్కడే మొదలవుతుంది. 240 టన్నుల ధాన్యంలో ఒకరిది 6 టన్నులైతే, నాణ్యత ఒకటే అయినప్పుడు ధాన్యం బోనస్‌లో, అంటే ఏడాది చివర పంచే మిగులులో, ఆయనకు 2.5 శాతం.

జవాబు 3
మూడో ప్రశ్నకు. "పంటంతా ఇక్కడికే తేవాలి" అని రాస్తే ఎవరూ పాటించరు. 60–70 శాతం అని రాసుకోండి, కానీ కిలోల్లో కాదు. ప్రతి కోతలోనూ, ప్రతి గ్రేడులోనూ అంత వాటా అని రాయాలి. కిలోలని రాస్తే మేలు సరుకు బయటికి పోతుంది, ఏరి పారేసింది సంఘానికి వస్తుంది. జరిమానాలు అక్కర్లేదు. సరుకు తగ్గితే బోనస్ తగ్గుతుందని రసీదు మీదే చూపించండి.

తేమ తరుగు కూడా సరిగ్గా లెక్కేయండి. 18 శాతం తేమతో వచ్చిన 100 కిలోలను 14 శాతానికి ఆరబెడితే 96 మిగలవు. పొడి భాగం 82 కిలోలు, దాన్ని 0.86తో భాగిస్తే 95.35. నేరుగా 4 కిలోలు తీసేస్తే క్వింటాలుకు 0.65 కిలో తేడా. 240 టన్నులూ అదే తేమతో వస్తే అది ఒకటిన్నర టన్నుకు పైనే. తేమ పట్టికను త్రాసు పక్కన గోడకు అంటించండి. తూకం, తేమ, గ్రేడు మూడూ రైతు ఎదుటే రాయండి, రసీదు కాపీ అక్కడికక్కడే ఇవ్వండి.