విండోస్ 10 వదిలి లినక్స్ మింట్‌కి మారడం: టాలీ, అనూ, పాత ప్రింటరు ఉన్న ఇంట్లో కుదిరే పనేనా?

పాలపిట్ట:
ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ల్యాప్‌టాప్. విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంట్లో వాడకం: బ్రౌజరు, పిల్లల చదువు, తెలుగులో ఉత్తరాలు, అనూ అనే తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్‌తో పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే ప్రోగ్రామ్) కొట్టిన పాత ఫైళ్ళు, టాలీలో దుకాణం లెక్కలు, కానన్ ఎల్‌బీపీ2900 ప్రింటరు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌కి మారితే వీటిలో ఏది ఆగిపోతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

అరటితోట:
నిస్సందేహంగా మారండి. ఈ మెషీన్ మీద మింట్ 22 హాయిగా నడుస్తుంది, దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. తెలుగు టైపింగ్ గురించి బెంగ అక్కర్లేదు. ఐబస్ (వేర్వేరు భాషల్లో టైపు చేయించే ప్రోగ్రామ్), దాంతోపాటు కీబోర్డు లేఅవుట్లు ఉండే ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, ఇన్‌పుట్ మెథడ్‌గా ఐబస్‌ని ఎంచుకుని, లాగౌట్ అయి మళ్ళీ రండి. లాగౌట్ చేయకుండా “పనిచేయట్లేదు” అనేవాళ్ళే ఎక్కువ. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) లేఅవుట్లు రెండూ ఉంటాయి. అనూలో ఆపిల్ లేఅవుట్‌కి అలవాటు పడ్డవాళ్ళకి ఆపిల్ పేరుతోనే ఒకటుంది. ఒక పూట కూర్చుని కొట్టి చూస్తే చేతికి వస్తుందో లేదో తెలిసిపోతుంది.

అచ్చుయంత్రం:
అరటితోట గారూ, టైపింగ్ సంగతి సరే, పాలపిట్ట గారికి ఉన్నది యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే ప్రమాణం) ఫైళ్ళు కాదు కదా. అనూ ఫైల్లో నిజానికి ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. ఫాంటు వాటికి తెలుగు గుణింతాల ముక్కలు తొడుగుతుంది. ఫాంటు లేని చోట తెరిస్తే తెర నిండా పిచ్చి గుర్తులు కనిపించేది అందుకే. ఆ ఫాంటు టీటీఎఫ్ ఫైలు మింట్‌లోకి కాపీ చేస్తే వర్డ్ ఫైళ్ళు చాలావరకు చదవొచ్చు. కానీ అందులో ఒక వాక్యం దిద్దాలంటే అనూ స్క్రిప్ట్ మేనేజర్ కావాలి, అది విండోస్ ప్రోగ్రామ్. పేజ్‌మేకర్ ఫైళ్ళని లిబ్రెఆఫీస్ డ్రా తెరుస్తుంది గానీ పేజీ అమరిక చెదిరిపోతుంది. పెళ్ళిపత్రికో కరపత్రమో అలా తెరిచి అచ్చుకి పంపే పని కాదు.

ఇక ప్రింటరు. ఎల్‌బీపీ2900 పేజీని తనంతట తాను కూర్చుకోలేదు. కంప్యూటరే పేజీని సిద్ధం చేసి క్యాప్ట్ అనే కానన్ సొంత పద్ధతిలో పంపాలి. కానన్ ఇచ్చిన లినక్స్ డ్రైవరు పాతది, 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, వెనకాల ఒక సర్వీసు నడుస్తూ ఉండాలి. ప్రింటరు ఆపి మళ్ళీ వేసినప్పుడు ఆ సర్వీసు చాలాసార్లు పట్టు తప్పుతుంది. ఇంట్లో అందరూ వాడే ప్రింటరుకి ఇది సరిపడదు.

అరటితోట:
ఎల్‌బీపీ2900 విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. పాత ప్రింటర్లన్నీ అంతే అనుకోకూడదు. హెచ్‌పీ 1020 ఆన్ చేసినప్పుడల్లా దాని ఫర్మ్‌వేర్‌ని (ప్రింటరు లోపల నడిచే ప్రోగ్రామ్) కంప్యూటరే పంపాలి, అయినా హెచ్‌పీ లిప్ (లినక్స్‌కి హెచ్‌పీ ఇచ్చే డ్రైవరు) ప్లగిన్ దించుకుంటే మింట్‌లో పనిచేస్తుంది. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీ లిప్ వెర్షన్ ఒకటే ఉండాలి. అప్‌గ్రేడ్ తర్వాత ప్రింట్లు ఆగాయంటే ముందు చూడాల్సింది అదే.

టాలీ, అనూల కోసం వర్చువల్‌బాక్స్‌లో (మింట్ లోపలే మరో కంప్యూటరుని నడిపే ప్రోగ్రామ్) విండోస్ 10 పెట్టుకోండి, 4 జీబీ ర్యామ్ ఇవ్వండి. టాలీకి నెట్ అవసరమైనప్పుడు తప్ప దాని నెట్‌వర్క్ కార్డు ఆపేసి ఉంచండి. ఎల్‌బీపీ2900ని కూడా యూఎస్‌బీ ద్వారా ఆ లోపలి విండోస్‌కే అప్పగించొచ్చు. ఒక్క మెలిక: మీ యూజర్‌ని వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చకపోతే యూఎస్‌బీ జాబితా ఖాళీగా కనిపిస్తుంది.

అచ్చుయంత్రం:
8 జీబీలో సగం దానికిస్తే మిగిలిన సగంతో బ్రౌజరు నడవాలి. పది ట్యాబులు తెరిచేసరికి ర్యామ్ చాలక డిస్కుని వాడుకునే స్వాప్ మీద పడుతుంది. రోజూ టాలీ తెరిచే ఇంటికి ఆ సలహా ఇవ్వను. 16 జీబీకి పెంచితే వేరే మాట.

నీటిగడియారం:
మ్యాక్ మాటేమిటని అడిగేవాళ్ళకి: ఎం సిరీస్ మ్యాక్‌లో (ఆపిల్ సొంత చిప్‌లు ఉన్నవి) విండోస్ పెట్టుకునే బూట్ క్యాంప్ లేదు, టాలీ లేదు, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులు చదువుతుందే తప్ప రాయదు. ఈ ఇంటికి అది జవాబు కాదు. రూఫస్ అనే పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్‌తో విండోస్ 11 బలవంతంగా ఎక్కించొచ్చు గానీ మైక్రోసాఫ్ట్ దానికి పూచీ పడదు, ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ చేత్తో వేసుకోవాలి.

విండోస్ ఉంచి పక్కన మింట్ వేసేవాళ్ళు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. ముందు డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో అది మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగు మార్చాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ కాగితం మీద రాసుకోనిదే మరో అడుగు వేయొద్దు. తర్వాత కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, మింట్ ఆ డ్రైవ్‌లో రాయలేదు. విండోస్ పార్టిషన్‌ని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించండి, మింట్‌కి 60 జీబీ వదలండి. వైఫై బ్రాడ్‌కామ్ చిప్ అయితే డ్రైవరు విడిగా దించుకోవాల్సి రావచ్చు, అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటరుకి ఇవ్వడం) వాడొచ్చు. మింట్ నుంచి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది. మింట్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీగానూ (ప్రపంచ ప్రామాణిక సమయం), విండోస్ స్థానిక సమయంగానూ చదవడమే దానికి కారణం. మింట్‌ని స్థానిక సమయానికి మారిస్తే సరిపోతుంది.

పాలపిట్ట:
అందరికీ ధన్యవాదాలు. తెలుగు ఉత్తరాలు గౌతమిలో ఉన్నాయి, అవి మింట్‌లో ఎలా కనిపిస్తాయి?

అరటితోట:
గౌతమి మైక్రోసాఫ్ట్ ఫాంటు, మింట్‌తో రాదు. దాని బదులు లోహిత్ గానీ నోటో గానీ వస్తుంది. వరసల ఎత్తు వేరు కాబట్టి ఒక పేజీ ఉత్తరం రెండో పేజీలోకి జారుతుంది. మండలి, సూరన్న లాంటి ఉచిత ఫాంటు ఒకటి రెండు వైపులా వేసుకుని, ఉత్తరాలు అందులోకి మార్చండి. బయటికి పంపేది పీడీఎఫ్‌గానే పంపండి.

అచ్చుయంత్రం:
పాలపిట్ట గారూ, నా సలహా ఇది. విండోస్ తీసేయకండి. 2026 అక్టోబర్ 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లకి విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోండి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఈలోగా 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ వేసి, డిస్కు ముట్టుకోకుండా లైవ్‌గా నడిపి వైఫై, సౌండు, మూత మూసి తెరిస్తే లేస్తుందా లేదా అన్నీ చూడండి. అనూ ఫైళ్ళలో ఇంకా దిద్దాల్సినవి ఏవో ఏరి, వాటిని మాత్రం యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక వత్తులు, సున్నలు వరస వరసా పాత ప్రింటుతో పోల్చి చూడాలి, కన్వర్టర్లు తప్పేది అక్కడే. మిగతావి అనూ ఉన్న మెషీన్‌లోనే పీడీఎఫ్ చేసి దాచుకోండి.