టాహో సరస్సు అడుగున రబ్బరు షీట్లు: ఆ ఖర్చు దండగేనా?

శ్రీని (రీనో):
కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని టాహో సరస్సుకి వెళ్లనివాళ్లు ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో తక్కువే. ఏషియన్ క్లామ్ అనే గుల్ల అక్కడ 2002లో బయటపడింది. 2012లో ఆ సరస్సులోనే ఒక మూలనున్న ఎమరాల్డ్ బేలో ఐదెకరాల మేర నల్ల రబ్బరు షీట్లు పరిచి, ఊపిరాడకుండా చేసి చంపాలని చూశారు. గుల్ల పోయిందా? పోలేదు. ఇక షీట్లు మానేసి, బయటి ప్రాణులు బోట్లకు అంటుకుని సరస్సులోకి రాకుండా చేసే తనిఖీకే ఆ డబ్బంతా పెట్టాలంటాను.

మాధవి:
శ్రీని గారూ, తనిఖీ వద్దని ఎవరంటారు? 2008 నుంచీ అది తప్పనిసరే. కానీ ఈ గుల్ల విషయంలో తలుపేసుకుంటే సరిపోదు, ఇది ఇప్పటికే లోపల ఉంది. ఆడా మగా ఒకదాంట్లోనే, కాబట్టి ఒక్కటి మిగిలినా చాలు, ఏడాదికి 70 వేల దాకా పిల్లల్ని వదులుతుంది. చేతిలోకి తీసుకుంటే బొటనవేలి గోరంత ఉంటుంది, పసుపుపచ్చ పెంకు మీద దగ్గర దగ్గరగా గట్టి గీతలు. ఇంత చిన్నదే 1980లో ఆర్కాన్సాలో అణు విద్యుత్ కేంద్రం నీటి పైపుల్లో పూడుకుపోయి, ఒక యూనిట్‌ను ఆపించింది. టాహోలో దీని విసర్జనతో పచ్చటి నాచు పెరుగుతోంది. అద్దంలాంటి ఆ నీళ్లు చూసినవాళ్లెవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో మన విశాఖే చెబుతుంది. అక్కడి హార్బర్‌లో 1967లో మైటిలాప్సిస్ అనే పరాయి గుల్ల కనిపించింది, తర్వాత ముంబయికీ పాకింది. అదే గుల్ల 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో కనబడితే, వెంటనే క్లోరిన్, కాపర్ సల్ఫేట్ వేసి వారాల్లోనే పూర్తిగా తుడిచిపెట్టేశారు.

రఘు:
డార్విన్‌లో రేవులకు గేట్లున్నాయండీ, మూసేసి మందు కొట్టారు. టాహోకి గేటు ఎక్కడ పెడతారు? పైగా షీటు కింద గుల్లలే కాదు, అడుగున బతికే చిన్న ప్రాణులన్నీ చస్తాయి. ఆ లెక్క ఎవరూ మాట్లాడరు.

మాధవి:
రఘు గారూ, చిన్న ప్రాణుల సంగతి నిజమే. అందుకే సరస్సంతా పరచమనడం లేదు. టాహోలోనే మరోచోట, మార్లా బేలో 2010లో అరెకరం చొప్పున పరిచి చూశారు. వేసవి నీళ్లలో నెల తిరక్కుండానే దాదాపు అన్నీ చచ్చాయి. ఎమరాల్డ్ బే ముఖద్వారంలో అడుగు వేరు, గులకల సందుల్లోంచి తాజా నీళ్లు దూరి ఆక్సిజన్ అందిస్తాయి. అక్కడ పనిచేయలేదని అంతటా మానేస్తే ఎలా?

కొత్తగా ఎక్కడైనా చిన్న గుంపు కనబడితే, ముఖ్యంగా బోట్లు దించే చోట, ఆ వేసవిలోనే షీటు పడాలి. కమిటీలు, అనుమతులు అంటూ చలికాలం దాకా సాగదీస్తే అప్పుడు మాత్రం శ్రీని గారన్నట్టు డబ్బు దండగే. డైవర్ల ఖర్చు ముందే పక్కన పెట్టి ఉంచాలి, తనిఖీ ఫీజులోంచే కొంత తీసినా నాకు అభ్యంతరం లేదు.