ఎరువు గొంతా, అరువు గొంతా?

కృష్ణాతీరం: నిన్న రాత్రి మళ్ళీ సింగిన్ ఇన్ ద రెయిన్ చూశాను. సినిమా 1952ది, కథేమో 1927లో, హాలీవుడ్ బొమ్మలకి మాటలొచ్చిన కొత్తలో. లీనా లామాంట్ అని ఒక పెద్ద తార. మొహం చంద్రబింబం, గొంతు రేకు మీద మేకు గీసినట్టు. కాథీ అనే పిల్ల చాటుగా ఆమెకి గొంతిస్తుంది. అసలు తమాషా ఏంటంటే, కాథీ వేషంలో డెబ్బీ రేనాల్డ్స్ మైకు ముందు నిలబడి లీనాకి డైలాగు చెప్పే చోట మనకి వినిపించేది డెబ్బీ గొంతు కాదు. లీనా వేషం వేసిన జీన్ హేగన్ మామూలు గొంతు! తన గొంతు తనకే తిరిగొచ్చిందన్నమాట. అప్పట్నుంచి మా నాయనమ్మ సామెత ఒకటి బుర్రలో తిరుగుతోంది. "ఎరువు సొమ్ము బరువు చేటు... అందులో ఒకటి పోతే అప్పుల చేటు." మధ్య ముక్క ఎవరికైనా గుర్తుందా?

గురులఘువు: ఎరువు కాదండీ, అరువు. ఎరువు పొలానికి వేసేది.

నెల్లూరు పిన్ని: పొలానికి వేసేదీ ఎరువే, పెళ్ళికి పక్కింట్లో అడిగి తెచ్చుకునే కాసులపేరూ ఎరువే. అరువంటే కొట్లో ఖాతా. "నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు చూళ్ళేదా? అరువు తెచ్చిన కందిపప్పు వండుకు తినేసి తర్వాత డబ్బిస్తాం. ఎరువు తెచ్చిన గొలుసు ఆ గొలుసే తిరిగివ్వాలి.

గురులఘువు: ఒప్పుకుంటా పిన్నిగారూ, కానీ అరువు–బరువు చెవికెంత హాయి! అకారానికి అకారం.

అరసున్న: ప్రాసకి మొదటక్షరం మీది అచ్చుతో పనేంటి? రెండూ లఘువులే, రెండో అక్షరం రెండు చోట్లా రేఫే. అందులో–అప్పుల అన్నచోట మొదటక్షరాలు కలిశాయి, ఇక్కడ కలవలేదు కాబట్టి ప్రాసయతి అనుకోండి. గురులఘువని పేరు పెట్టుకుని మీరే ఇలా అంటే ఎలాగండీ :)

ఓరుగల్లు: మా దిక్కు ఈ రెండూ అనరు. బదులు తెచ్చుకున్న అంటరు, చక్కెరైనా గొలుసైనా. అయినా పేపర్లల్ల "గాత్రదానం" అని రాస్తరు కదా, దానికేమంటరు?

అరసున్న: సంస్కృతంలో గాత్రమంటే ఒళ్ళు. పులకితగాత్రుడంటే గొంతు పులకరించినవాడు కాదు. ఆ లెక్కన గాత్రదానం అవయవదానం కింద పడుతుంది. పైగా దానం ఇచ్చింది మళ్ళీ అడక్కూడదు.

కృష్ణాతీరం: ఇంకో మెలిక. "వుడ్ యూ" పాట లీనా కోసం కాథీ పాడుతుంది కదా, అక్కడ డెబ్బీకి పాడింది బెట్టీ నోయస్. టైటిల్స్‌లో ఆవిడ పేరు లేదు. ఎరువు తెచ్చిన సొమ్ముని ఇంకొకరికి ఎరువివ్వడం. దీనికేదైనా మాటుందా?

నెల్లూరు పిన్ని: మాట తెలీదు గానీ, హేగన్ అంతకుముందు బ్రాడ్వేలో బోర్న్ యెస్టర్‌డే నాటకంలో జూడీ హాలిడేకి అండర్‌స్టడీ. ఆవిడ రాని రోజున ఈవిడ. లీనా పాత్రని ఆ హాలిడే తీరు మనసులో పెట్టుకునే రాశారంటారు. రాసిన కామ్డెన్, గ్రీన్ ఒకప్పుడు హాలిడేతో కలిసి స్టేజి ఎక్కినవాళ్ళు. అంటే ఆ కీచు కూడా సగం ఎరువే! ఆ ఎరువు కీచుకే హేగన్‌కి ఆస్కార్ నామినేషన్.

అరసున్న: చాటుగొంతు మాటొస్తే మన పోతనని మించినవాడెవడు? పలికించెడివాడు రామభద్రుండట. తెర ముందు తను, వెనక రాముడు. టైటిల్స్‌లో అసలు పేరు ముందే వేసేశాడు, అదీ తేడా.

గురులఘువు: "పలికించు విభుండు" కదా?

అరసున్న: వాడు.

గురులఘువు: మా మాస్టారు విభుండనే చెప్పారు. గణాలు చూడండి: పలికిం, చువిభుం, డురామ. ఆరో గణం జగణం, ఎక్కడా తేడా రాదు.

అరసున్న: పలికిం, చెడివా, డురామ. ఇదీ అంతే. ప–భ యతి ఎలాగూ కదల్లేదు. ఛందస్సు తీర్పు చెప్పదు ఇక్కడ. నాకు "వాడు"లోని చనువు ఇష్టం. విభుడంటే పోతన చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంటుంది, వాడంటే పక్కన కూర్చున్నట్టుంటుంది.

ఓరుగల్లు: మా బమ్మెరాయన ఎవ్వరికీ చేతులు కట్టలే. వాడే.

గురులఘువు: బమ్మెరవాళ్ళే తీర్పిచ్చేస్తే ఇంక మేమెందుకు :)

కృష్ణాతీరం: అయ్యా, మధ్య ముక్క...

నెల్లూరు పిన్ని: "తీయా పెట్టా తీపుల చేటు." బరువు కమ్మలు పెట్టడం, తీయడం, చెవులు సలపడం. ఒళ్ళు తీపులంటామే, ఆ తీపు.

గురులఘువు: తీపులా? మా ఇంట్లో తిప్పల చేటు అనేవారే.