సమస్య: “గడ్డ గడ్డ గలియ గంగ పాఱె” (ఇదే చివరి పాదంగా వచ్చేలా పద్యం అల్లాలి)

నిర్వాహకుడు, కావలి: రాత్రి కరెంటు పోయి ఫ్రిజ్‌లో ఐసుగడ్డలు కరిగాయి. వంటగది తుడుస్తుంటే తట్టిన పాదం. ఐసు నాకొదిలేసి ఇంకేదైనా పట్టండి.

పెన్నగట్టు, నెల్లూరు:
పెన్న పొంగి రాగ వెల్లువై నెల్లూరు
దరులు మునిగి పోవ దారి లేకను
ఒడ్డు నొడ్డు గలిసి యొక్కటే యైపోవ
గడ్డ గడ్డ గలియ గంగ పాఱె!

కందుకూరు మాష్టారు: రెండో పాదం చివర, కూడని చోట, భగణం (గురువు, ఆపై రెండు లఘువులు) కూర్చుంది. ఆ ‘ను’ కొట్టేస్తే చాలు. కానీ మూడో పాదంలోనే ఒడ్లు కలిపేశాక నాలుగోదానికి పనేముంది? నాది చూడండి:
వాము పువ్వు తోడ పచ్చకర్పూరంబు
పుదిన పువ్వు సీసబుడ్డి నిడఁగ
నిప్పు లేదు చుక్క నీరు లేదయినను
గడ్డ గడ్డ గలియ గంగ పాఱె!

నిర్వాహకుడు: ఈ మూడూ కలిపి చేసే ఇంటిమందు, అమృతధార! భలే పట్టారు మాష్టారూ.

పెన్నగట్టు: అందులో వేసేది ముద్దకర్పూరం కదండీ. యతి కోసం పచ్చది చేశారు. అసలైన పచ్చకర్పూరం బోర్నియాల్, వేరే సరుకు. నాకు అక్షరం ఎక్కువైంది, మీకు దినుసే మారిపోయింది.

ఉదయగిరి మందులకొట్టు: వాము పువ్వంటే థైమాల్. అది 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పుదీనా పువ్వు (మెంథాల్) 42 దగ్గర, కర్పూరానికైతే 175 దాటాలి. మూడూ కలిస్తే మాత్రం మామూలు వేడికే నీరవుతాయి. పొద్దున సీసాలో వేసి చూశా. ముందు వాము పువ్వు అంచులు చెమ్మగిల్లాయి. అడుగున కర్పూరం పలుకొకటి మొండికేసింది, కాఫీ తాగి వచ్చేసరికి అదీ లేదు. యూరప్ కొండల మీది అడవి థైమ్ మొక్క నూనెలోనూ ఈ థైమాలే ఉంటుంది, తోడుగా కార్వక్రాల్. రెంటికీ 10 కార్బన్లు, 14 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఆ ఆక్సిజన్ కూర్చున్న చోటే తేడా, గురువు జరిగితే భగణం సగణమైనట్టు. రెండూ బ్యాక్టీరియా పొరను చెడగొట్టేవే. ఒకే జాతి మొక్క ఒక కొండ మీద థైమాల్ ఎక్కువిస్తే, ఇంకో కొండ మీద కార్వక్రాల్ ఎక్కువిస్తుంది.

పెన్నగట్టు: కొండ మారితే నూనె మారుతుందేమో గానీ మాష్టారి బుడ్డి మారదు. పోయినసారి చేప సమస్యకీ సీసబుడ్డే!

కందుకూరు మాష్టారు: అది సిరాబుడ్డి. కళ్లజోడు పెట్టుకుని చదవండి.

పెన్నగట్టు: చేపకి సిరా ఎందుకో! సరే, ఇది తీసుకోండి:
పుదిన పువ్వు తోడ ముద్దకర్పూరంబు
వాము పువ్వు గాజుబరిణె నిడఁగ
పు-ము యతి చెల్లుతుంది, దినుసూ నిలబడింది.

కందుకూరు మాష్టారు: గాజుబరిణెకి మూత బిగుతుగా ఉండదు, వాసనంతా పోతుంది. బుడ్డే ఉంచుతాను.

నిర్వాహకుడు: ‘ను’ కొట్టేసి రెండూ ఎక్కించాను. బుడ్డి సంగతి మీలో మీరు తేల్చుకోండి.